ఇంట్లో కసరత్తు, బరిలో దమ్ము: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 28 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి మూడు రోజులు కరాటే తరగతికి వెళ్తున్నాను. కటాలు (ఒంటరిగా చేసే కదలికల వరుసలు) ఇబ్బంది లేకుండా చేస్తాను కానీ, కుమితేలో, అంటే ప్రత్యర్థితో పోరులో, ఒకటిన్నర నిమిషం దాటేసరికి చేతులు దిగిపోతాయి, ఆయాసంతో ఎదుటివారి కదలిక కూడా సరిగా గమనించలేను. తరగతి లేని రోజుల్లో గంట సమయం దొరుకుతుంది. పీ90ఎక్స్, ఇన్‌సానిటీ, రష్‌ఫిట్ అనే ఇంటి కసరత్తు వీడియో కార్యక్రమాలు, కెటిల్‌బెల్ (పైన పిడి ఉండే ఇనుప గుండు) సాధన, ఈ నాలుగింటిలో ఏది మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. దయచేసి వీటిని పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చే ముందు మీరు రాసిన ‘ఒకటిన్నర నిమిషం’ అనే మాట గురించి ఆలోచించాలి, ఎందుకంటే మీ ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంది. అంతర్జాతీయ పోటీల్లో పెద్దవారి కుమితే 3 నిమిషాలు సాగుతుంది; మీరు సరిగ్గా అందులో సగానికి అలసిపోతున్నారు. ఆ అలసట ఎందుకు వస్తోందో తెలియకుండా కార్యక్రమం ఎంచుకోవడం, రోగమేదో తెలియకుండా మందు మింగడం లాంటిది. అందుకని ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ఎదురుగా ఎవరూ లేకుండా, కుమితేలో కదిలే వేగంతోనే, గడియారం పెట్టుకుని 3 నిమిషాలు షాడో స్పారింగ్ చేయండి. అందులోనూ ఒకటిన్నర నిమిషానికే చేతులు దిగిపోతే లోపం దమ్ములో ఉందని అర్థం. ఒంటరిగా 3 నిమిషాలూ సాఫీగా గడిచి, ప్రత్యర్థి ఎదురుగా నిలబడినప్పుడే ఆయాసం వస్తుంటే, మీరు భుజాలు బిగించి, ఊపిరి బిగబట్టి కదులుతున్నారన్నమాట. దీనికి ఏ కార్యక్రమమూ మందు కాదు. తక్కువ వేగంతో ఎక్కువసార్లు స్పారింగ్ చేస్తూ, ప్రతి దెబ్బతోపాటు ఊపిరి వదలడం అలవాటు చేసుకోవాలి. దమ్ము చాలడం లేదని నా దగ్గరకు వచ్చినవారిలో ఈ రెండో రకం వారిని ఎందరినో చూశాను కాబట్టి, ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను.

లోపం దమ్ములోనే ఉందని తేలితే, ఒంట్లో శక్తి పుట్టే తీరును కొంచెం తెలుసుకోవాలి. ఒక్కసారిగా దూసుకెళ్లి పంచ్ వేసే క్షణానికి కావలసిన శక్తి, కండరంలో ముందే నిలవ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ నుంచి వస్తుంది. పూర్తి వేగంతో కదిలితే ఆ నిలవ సుమారు 10 సెకన్లలోనే చాలావరకు తరిగిపోతుంది. ఆ తరువాత కండరం ఆక్సిజన్‌తో పని లేకుండా గ్లూకోజును విడగొట్టుకుంటూ కొంతసేపు నెట్టుకొస్తుంది. తొడలూ భుజాలూ మండుతున్నట్టు అనిపించేది ఆ దశలోనే. అయితే రెండు దాడుల మధ్య వెనక్కి తగ్గి, కాళ్ల మీద తేలికగా కదిలే ఆ కొద్ది సెకన్లలో, తరిగిపోయిన నిలవను తిరిగి నింపేది మాత్రం ఆక్సిజన్‌తో నడిచే వ్యవస్థే. సగం నిలవ నిండటానికి దాదాపు అర నిమిషం, పూర్తిగా నిండటానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. గుండె, ఊపిరితిత్తుల పునాది గట్టిగా ఉన్నవారు మూడో దాడిని కూడా మొదటి దాడి అంత వేగంగా చేయగలగడానికి కారణం ఇదే. కాబట్టి మీకు కావలసినవి మూడు: నింపాదిగా ఎక్కువసేపు చేసే పనితో వచ్చే పునాది, పోటీ సమయానికి సరిపడే రౌండ్ల సాధన, తరగతిలో దొరకని కండబలం. నాలుగు కార్యక్రమాలనూ ఈ మూడింటితోనే తూచి చూద్దాం.

పీ90ఎక్స్ టోనీ హార్టన్ నడిపే 90 రోజుల కార్యక్రమం. వారానికి 6 రోజులు, రోజుకు సుమారు గంట చేయాలి. యోగా రోజున గంటన్నర పడుతుంది. పులప్ బార్ గానీ రెసిస్టెన్స్ బ్యాండ్లు గానీ, వాటితోపాటు డంబెల్లు ఉండాలి. మూడు వారాల కఠినమైన పని తరువాత నాలుగో వారాన్ని తేలికగా ఉంచడం ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు, ఎందుకంటే బలం కసరత్తు చేస్తున్నప్పుడు కాక, ఆ తరువాతి విశ్రాంతిలో పెరుగుతుంది. లాగే పనికి, అంటే పులప్‌లకూ రోయింగ్‌కూ ఇది తగినంత చోటు ఇస్తుంది. కరాటే సాధకుడికి ఇది చాలా విలువైనది. పంచ్‌లు, పుషప్‌లు ఏళ్ల తరబడి చేస్తూ లాగే పని వదిలేసినవారికి భుజాలు ముందుకు వంగి, భుజం కీలులో నొప్పి మొదలవడం తరచుగా కనిపిస్తుంది. ఇక ఇందులోని కెన్‌పో ఎక్స్ అనే భాగాన్ని చూసి ఇది యుద్ధకళల కోసం చేసిన కార్యక్రమమని అనుకోకండి. అది పంచ్‌లూ కిక్‌లూ కలిపిన ఏరోబిక్స్ మాత్రమే. చెమట పట్టిస్తుంది కానీ, దూరాన్ని గానీ సమయాన్ని గానీ నేర్పదు. మీ గురువు నేర్పిన పద్ధతిలో షాడో స్పారింగ్ చేసుకోగలిగిన మీకు దానితో పనే లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, వారానికి మూడు తరగతుల మీద మరో ఆరు రోజుల కసరత్తు పెట్టుకోవడం. వేరే శిక్షణ ఏదీ లేనివారిని దృష్టిలో పెట్టుకుని తయారైన ప్రణాళికను యథాతథంగా మోస్తే, నెల తిరిగేలోపు తరగతికి మీరు అలసిపోయిన కాళ్లతో వెళ్తారు.

షాన్ టీ నడిపే ఇన్‌సానిటీ 60 రోజులది, సామగ్రి ఏదీ అక్కర్లేదు. మామూలు ఇంటర్వల్ సాధనలో కొద్దిసేపు గట్టిగా చేసి ఎక్కువసేపు విశ్రాంతి తీసుకుంటారు. ఇందులో ఆ లెక్కను తిరగేసి, సుమారు 3 నిమిషాల పనికి 30 సెకన్ల విరామం ఇచ్చారు. మూడు నిమిషాల పని అనగానే కుమితేకి సరిగ్గా సరిపోతుందని అనిపించవచ్చు. కానీ విరామం అంత తక్కువగా ఉన్నప్పుడు రెండో మూడో విడత వచ్చేసరికి ఎవరైనా వేగం తగ్గించుకోక తప్పదు, అప్పుడు శరీరం అలవాటు పడేది మందకొడిగా కదలడానికే. పోటీలో మీకు కావలసింది పేలినట్టు కదిలి, కోలుకుని, మళ్లీ పేలినట్టు కదలడం. పైగా ఇందులో గెంతులు చాలా ఎక్కువ. ఒళ్లు అలసిపోయాక మోకాళ్లు లోపలికి వాలుతూ, మడమలు గట్టిగా నేలకు తగులుతూ గెంతితే ఆ భారమంతా మోకాలి చిప్ప కింది స్నాయువు మీదా ముంగాలి ఎముక మీదా పడుతుంది. వారానికి మూడు రోజులు ఇప్పటికే గెంతుతూ కదిలే సాధకుడికి నేను దీన్ని సిఫారసు చేయను. ఇందులో రెండు వారాలకు ఒకసారి పెట్టే ఫిట్ టెస్ట్ పద్ధతి మాత్రం ఏ కార్యక్రమంలోనైనా వాడుకోదగినది.

రష్‌ఫిట్ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ విజేత జార్జ్ సెయింట్ పియర్ పేరు మీద వచ్చిన 8 వారాల కార్యక్రమం. డంబెల్లు ఉంటే చాలు. సన్నాహం తరువాత 5 నిమిషాల రౌండ్లు, వాటి మధ్య నిమిషం విరామం ఇందులోని పద్ధతి. ఆ పోటీల్లో ఛాంపియన్‌షిప్ పోరు 5 నిమిషాల రౌండ్లు 5 ఉంటుంది కాబట్టి ఆ గడియారం వారికి సరిపోయింది. మీ పోటీ 3 నిమిషాలది; కాబట్టి పద్ధతిని తీసుకుని నిడివిని మార్చుకోవాలి. బాక్సింగ్ చేసేవారు 3 నిమిషాలకు, తైక్వాండో చేసేవారు 2 నిమిషాలకు, జూడో చేసేవారు 4 నిమిషాలకు కుదించుకోవాలి. నాలుగు కార్యక్రమాల్లో యుద్ధకళల స్వభావాన్ని గుర్తించి రూపొందినది ఇదొక్కటే. లాగే పని ఇందులో తగినంత లేకపోవడం లోటు.

కెటిల్‌బెల్ విషయానికి వస్తే, స్వింగ్ అనే ఒక్క కదలికే దాన్ని మీకు పనికొచ్చేలా చేస్తుంది. చూసేవారికి చేతులతో బరువు ఊపినట్టు ఉంటుంది కానీ, అసలు పని తుంటిది. తుంటిని వెనక్కి మడిచి ఒక్కసారిగా ముందుకు విసరడమే స్వింగ్, గ్యాకు జుకిలో (వెనుక చేతితో వేసే పంచ్‌లో) వెనుక కాలి నుంచి బలం పైకి వచ్చేది కూడా తుంటి గుండానే. పదేసి స్వింగ్‌ల విడతలు పది చేసి, వాటి మధ్య మాట్లాడగలిగేంతగా ఊపిరి కుదుటపడేవరకు ఆగితే, పేలుడు బలమూ కోలుకునే శక్తీ ఒకే పనిలో సాధనలోకి వస్తాయి. అయితే నడుము వంచి బరువు ఎత్తితే వెన్నుకు చేటు. ఈ ఒక్క కదలికను మాత్రం వీడియో చూసి నేర్చుకోకుండా, తెలిసినవారి ఎదుట రెండు మూడుసార్లు చేసి సరిదిద్దించుకోండి.

నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలంటే, ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాన్నీ మొత్తంగా పాటించవద్దు. రౌండ్ల పద్ధతిని రష్‌ఫిట్ నుంచి, లాగే కసరత్తులనూ నాలుగో వారపు విరామాన్నీ పీ90ఎక్స్ నుంచి, స్వింగ్‌ను కెటిల్‌బెల్ సాధన నుంచి తీసుకోండి. తరగతి ఉన్న మూడు రోజులూ అదనంగా ఏమీ చేయకండి. మిగిలిన నాలుగు రోజుల్లో రెండు రోజులు 40 నిమిషాల చొప్పున కండబలానికి కేటాయించండి: పులప్‌లు లేదా బ్యాండ్‌తో లాగడం, ఒంటికాలి స్క్వాట్‌లు, పుషప్‌లు, స్వింగ్‌లు, చివర నడుము బిగువుకు ప్లాంక్. పాతకాలపు వస్తాదులు నమ్ముకున్న దండీలు, బస్కీలు కూడా ఇక్కడ చక్కగా పనికొస్తాయి. ఆ రెండు రోజుల్లో ఒక రోజు చివర 3 నిమిషాల రౌండ్లు మూడింటితో మొదలుపెట్టి, నెల రోజుల్లో ఐదుకు పెంచండి, విరామం నిమిషం. మూడో రోజు 40 నిమిషాల పాటు, పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంతో పరుగు గానీ సైకిల్ గానీ. ఇది మరీ తేలికగా ఉందనిపించి చాలామంది వేగం పెంచేస్తారు, అక్కడే పునాది దెబ్బతింటుంది. నాలుగో రోజు పూర్తి విశ్రాంతి.

ప్రయోజనం కనిపిస్తోందో లేదో తెలుసుకోవడానికి అద్దం కాదు, నాడి చూసుకోండి. చివరి రౌండ్ ముగిసిన వెంటనే ఒకసారి, సరిగ్గా నిమిషం తరువాత మరోసారి నాడి లెక్కపెట్టి రాసుకోండి. వారాలు గడిచేకొద్దీ ఆ నిమిషంలో తగ్గే సంఖ్య పెరుగుతుంటే మీ దమ్ము పెరుగుతున్నట్టే. ఉదయం లేవగానే చూసుకునే నాడి వరుసగా రెండు మూడు రోజులు మామూలుకన్నా ఎక్కువగా ఉండి, నిద్ర సరిగా పట్టకపోతే, ఆ వారం ఇంటి కసరత్తును సగానికి తగ్గించండి కానీ తరగతి మానకండి.

ప్రశ్న: 4 నిమిషాల టబాటా పద్ధతి గంట వ్యాయామంతో సమానమని విన్నాను. ముయ్ థాయ్ సాధనకు రోజూ అది ఒక్కటి చేసుకుంటే సరిపోదా?

జవాబు: ఆ మాటకు మూలమైన పరిశోధనను ఇజుమి టబాటా, ఆయన సహచరులు 1996లో ప్రచురించారు. ఆ పద్ధతి నిజానికి జపాన్ స్పీడ్ స్కేటింగ్ శిక్షకుడు ఒకరు తన క్రీడాకారుల కోసం వాడుతుండగా, టబాటా దాన్ని ప్రయోగశాలలో పరీక్షించారు. వ్యాయామ సైకిల్ మీద, శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకునే స్థాయికి 170 శాతం తీవ్రతతో 20 సెకన్లు తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా 7 లేదా 8 సార్లు చేయించారు. వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు చేసినవారికి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం కిలో శరీర బరువుకు నిమిషానికి 7 మిల్లీలీటర్లు పెరగగా, ఆక్సిజన్ అవసరం లేని సామర్థ్యం 28 శాతం పెరిగింది. మరో బృందం 70 శాతం తీవ్రతతో వారానికి 5 రోజులు, రోజుకు గంటసేపు తొక్కగా, వారికి మొదటిది 5 మిల్లీలీటర్లు పెరిగింది కానీ రెండోదానిలో చెప్పుకోదగిన మార్పు రాలేదు.

ఫలితం గొప్పదే, కానీ ఆ 170 శాతాన్ని మరువకూడదు. ఎనిమిదో విడత అయ్యేసరికి తొక్కలేక ఆగిపోవలసినంత తీవ్రత అది. గదిలో పుషప్‌లు, జంపింగ్ జాక్‌లు 20 సెకన్లు చేసి 10 సెకన్లు ఆగితే గడియారం లెక్క టబాటాది అవుతుంది కానీ తీవ్రత కాదు. టబాటా పద్ధతి చేసిన బృందం కూడా వారానికి ఒక రోజు 30 నిమిషాలు నింపాదిగా తొక్కి, ఆ తరువాతే కొన్ని విడతలు చేసింది. మీ పోరు 3 నిమిషాల రౌండ్లు 5, వాటి మధ్య 2 నిమిషాల విరామం. అంటే అంతా కలిపి ఇరవై నిమిషాలకు పైబడిన వ్యవహారం. ఆ పద్ధతిని సైకిల్ మీద గానీ, బరువైన సంచి మీద కిక్‌లతో గానీ వారానికి ఒకసారి, మరీ అయితే రెండుసార్లు చేయండి. పొద్దున్నే పరుగెత్తే అలవాటును ముయ్ థాయ్ యోధులు తరతరాలుగా వదలకపోవడానికి బలమైన కారణమే ఉంది. మీరూ దాన్ని వదలకండి.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, తైక్వాండో నేర్చుకుంటోంది. నేను చేస్తున్న పెద్దవారి ఇంటి కార్యక్రమాన్ని తానూ నాతోపాటు చేస్తానంటోంది. బరువులు ఎత్తితే పిల్లల ఎదుగుదల ఆగిపోతుందని ఇంట్లో పెద్దవారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఉత్సాహం చాలా సంతోషాన్ని కలిగించింది, దాన్ని నీరుగార్చకండి. సరైన పర్యవేక్షణలో, తగిన బరువుతో చేసే బలసాధన పిల్లల ఎదుగుదలను ఆపుతుందన్నది నిజం కాదు. అయితే ఎదిగే వయసులో ఎముకల చివర ఉండే మెత్తని ఎదుగుదల పలకలు, వాటికి అతుక్కునే స్నాయువులు పెద్దవారికన్నా సున్నితంగా ఉంటాయి. మోకాలి చిప్పకు దిగువన, ముంగాలి ఎముక పైభాగంలో బొడిపెలా ఉబ్బి నొప్పి వస్తుంటే అది ఆస్‌గుడ్ ష్లాటర్ అనే సమస్య కావచ్చు; గెంతే ఆటలు ఆడే పిల్లల్లో ఇది ఈ వయసులోనే కనిపిస్తుంది. అటువంటి నొప్పి ఉంటే గెంతులు తగ్గించి వైద్యుడికి చూపించాలి.

పెద్దవారి కార్యక్రమంలో అలసిపోయేదాకా ఆపకుండా చేయించే భాగాలను తనతో చేయించకండి. స్క్వాట్‌లు, పుషప్‌లు, ప్లాంక్, తేలికైన బ్యాండ్‌తో లాగడం, స్కిప్పింగ్ రోప్‌తో ఒక్కో నిమిషం చొప్పున కొన్ని విడతలు, వారానికి రెండు రోజులు 20 నిమిషాలు మీతో కలిసి చేస్తే చాలు. తైక్వాండోలో కాలు ఎత్తడానికి సాగదీయడం ఒక్కటే సరిపోదు, ఎత్తిన కాలిని పైన నిలిపే బలం కూడా కావాలి. గోడను పట్టుకుని కాలిని నెమ్మదిగా నడుము ఎత్తుకు లేపి 5 సెకన్లు నిలిపే సాధన తనకు ఏ వీడియో కార్యక్రమం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఈ వయసులో రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం కాబట్టి, కసరత్తు కోసం తెల్లవారుజామున లేపకండి. పోటీ బరువు విభాగం కోసం తిండి తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి.

ప్రశ్న: చేతుల్లో డంబెల్లు పట్టుకుని పంచ్‌లు వేస్తే వేగం పెరుగుతుందా?

జవాబు: పెరగదు. పంచ్ ముందుకు పోతుంది, డంబెల్ బరువు మాత్రం కిందికి లాగుతుంది. కాబట్టి మీరు బలపరిచేది చేతిని పైకి పట్టి ఉంచే భుజం ముందు భాగాన్నే తప్ప ముందుకు తోసే శక్తిని కాదు. చేయి చాచిన చివరి క్షణంలో ఆ బరువును ఆపే భారం మోచేతి మీద, భుజం కీలు మీద పడుతుంది, పంచ్ దారి కూడా మారిపోతుంది. వెనుక గట్టిగా కట్టిన బ్యాండ్‌ను పట్టుకుని ముందుకు పంచ్ వేస్తే ప్రతిఘటన సరైన దిశలో ఉంటుంది. కిక్‌లకు కాళ్లకు కట్టుకునే బరువుల విషయంలోనూ ఇదే జవాబు. గాలిలోకి వేగంగా విసిరిన కాలికి బరువు తోడైతే మోకాలు వెనక్కి విరుచుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పదేళ్ల విరామం తరువాత మళ్లీ జూడోకు వెళ్లాలనుకుంటున్నాను. ముందు మూడు నెలలు ఇంట్లో సిద్ధం కావాలంటే 60 రోజుల తీవ్ర కార్యక్రమం ఒకటి పూర్తి చేయడం మంచిదేనా?

జవాబు: మీ విషయంలో ఆ క్రమం తలకిందులుగా ఉంది. పదేళ్లలో గుండె, కండరాలు ఎంత వెనకబడ్డాయో, స్నాయువులూ కీళ్లూ అంతే వెనకబడి ఉంటాయి. గుండె, కండరాలు కొన్ని వారాల్లో కోలుకుంటాయి కానీ, స్నాయువులకు నెలలు పడుతుంది. తీవ్ర కార్యక్రమం మొదటి వారంలోనే మీకు ఓపిక వచ్చేసిందని నమ్మిస్తుంది, నాలుగో వారంలో పిక్క స్నాయువు నొప్పితో ఆపిస్తుంది. ముందుగా రక్తపోటు చూపించుకోండి, ఛాతీలో బరువుగా అనిపించడం గానీ అసాధారణ ఆయాసం గానీ ఉంటే గుండె పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టండి.

మొదటి నెల రోజూ అరగంట చురుకైన నడక, వారానికి రెండు రోజులు తేలికైన బలసాధన చాలు. రెండో నెల నుంచి జూడోకు ప్రత్యేకంగా కావలసిన వాటిని కలపండి. వాటిలో మొదటిది పట్టు: పులప్ బార్ మీద మందపాటి తువ్వాలు వేసి, దాని రెండు కొసలనూ పట్టుకుని వేలాడటం గీ (జూడో దుస్తుల) పట్టుకు చాలా దగ్గరగా ఉంటుంది, 10 సెకన్లతో మొదలుపెట్టి 30 సెకన్ల దాకా వెళ్లండి. రెండోది మెడ: అరచేతిని నుదుటికి, తల వెనక్కి, పక్కలకు ఆనించి తేలికగా తోస్తూ తలను కదలనివ్వకుండా నిలపండి, ఊపిరి మాత్రం బిగబట్టకండి. మూడోది ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా కింద పడే పద్ధతి. పడటం మరిచిపోయిన శరీరానికి ఏ కసరత్తూ రక్షణ ఇవ్వదు కాబట్టి, మెత్తటి పరుపు మీద కూర్చున్న స్థితి నుంచి వెనక్కి దొర్లడంతో మొదలుపెట్టి, నిలబడి పడటాన్ని మాత్రం తరగతిలో గురువు ఎదుటే తిరిగి నేర్చుకోండి.

ఇంకొక హెచ్చరిక అవసరం. చాలాకాలం తరువాత ఒక్కసారిగా శక్తికి మించిన కసరత్తు చేసి, ఒకటి రెండు రోజుల్లో కండరాలు విపరీతంగా వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే, అది మామూలు ఒళ్లునొప్పి కాదు. కండరం చిట్లి అందులోని పదార్థాలు మూత్రపిండాలకు చేరుతున్న సూచన. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మామూలు నొప్పి రెండో రోజుకు ఎక్కువై, మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఆ రోజుల్లో నడక ఆపనక్కర్లేదు.